ఈసారి అమోన్‌ఖెట్‌ని నదివైపు నుంచి చూపించాలి

సంపాదకులకు,

మ్యాజిక్: ద గ్యాదరింగ్ అనే కార్డు ఆటలో అమోన్‌ఖెట్ అని ఒక లోకం ఉంది. ప్రాచీన ఈజిప్టుని చూసి కట్టినది. ఎడారి నడుమ లుక్సా అనే నది, దాని ఒడ్డున నక్తమున్ అనే నగరం, జంతువుల తలలున్న దేవతలు, చచ్చినా పని మానని మమ్మీలు. 2017 ఏప్రిల్‌లో వచ్చింది, జూలైకల్లా తగలబడిపోయింది. 2025 ఫిబ్రవరిలో 'ఈథర్‌డ్రిఫ్ట్' సెట్‌లో (సెట్ అంటే ఒక విడతగా వచ్చే కార్డులు) మళ్ళీ కనబడింది గానీ, రైలు కిటికీలోంచి ఊరు కనబడినంత సేపే. మరోసారి అక్కడికి వెళ్తే ఏం చూపించాలన్నది ఈ ఆట ఆడేవాళ్ళ మధ్య తెగని చర్చ. పురాణాల్ని ఆటలుగా మలుద్దామని ఉబలాటపడే తెలుగు కుర్రాళ్ళకీ ఇందులో పనికొచ్చే సరుకు ఉందని మీకు రాస్తున్నాం.

కథ క్లుప్తంగా ఇదీ. నికోల్ బోలస్ అనే డ్రాగన్ ఈ లోకం మీద పడి పెద్దవాళ్ళని చంపి పిల్లల్ని మిగిల్చాడు. ఎనిమిది మంది దేవతల్లో ముగ్గుర్ని తనవైపు తిప్పుకుని దాచేశాడు, మిగిలిన ఐదుగురికీ బుద్ధి మార్చేశాడు. ఐదు పరీక్షలు గెలిస్తే పరలోకం అని పిల్లలకి అరచేతిలో వైకుంఠం చూపించాడు. గెలిచినవాళ్ళ శవాలకి లాజొటెప్ అనే నీలి ఖనిజం పూత పూసి సైన్యంగా దాచుకున్నాడు. ఆ సైన్యాన్ని 2019 సెట్‌లో వేరే లోకానికి దాటించింది ప్లేనార్ బ్రిడ్జ్. దాని మూలం మన దేశాన్ని చూసి కట్టిన కళాదేశ్ లోకంలో రష్మి అనే ఆవిడ కనిపెట్టిన యంత్రం. కాబట్టి అమోన్‌ఖెట్ కష్టంలో మన బొమ్మలోకానికీ కాస్త వాటా ఉంది.

ఆ వినాశనం కార్డుల మీద ఎలా దిగిందో చూస్తే తమాషాగా ఉంటుంది. ఐదుగురు దేవతలూ 'ఇన్‌డిస్ట్రక్టిబుల్', అంటే నాశనం కానివాళ్ళు. 'అవర్ ఆఫ్ డివాస్టేషన్' అనే ఐదు మానా (కార్డు వాడడానికి కట్టే ఇంధనం) కార్డు ఆ కవచాన్ని ఆ టర్న్ (ఒక ఆటగాడి వంతు) వరకు ఊడబెరికి, ప్రతి క్రీచర్‌కీ, అంటే పోరాడే ప్రతి ప్రాణి కార్డుకీ, 5 డ్యామేజ్ (దెబ్బ) వేస్తుంది. కథలో బతికి బయటపడింది నక్క తల హజొరెట్ ఒక్కతే. కార్డు మీద ఆవిడ 5/4 (మొదటి అంకె కొట్టే బలం). దెబ్బ ఓర్చుకునే అంకె 4 కాబట్టి పోతుంది. కొంగ తల కెఫ్నెట్, తాచుపాము తల రోనస్ ఇద్దరూ 5/5, వాళ్ళూ పోతారు. కథలో చచ్చిపోయిన పిల్లి తల ఒకెట్ర 3/6, మొసలి తల బొంతు 4/6. వీళ్ళిద్దరూ బల్ల మీద రాయిలా నిలబడే ఉంటారు! కథ రాసే గదికీ అంకెలు వేసే గదికీ మధ్య గోడ ఉంటే జరిగేది ఇదే.

2017 నాటి అసలు లోపం మాత్రం ఆట వేగం. 'ఎగ్జర్ట్' అని ఒకటి పెట్టారు: దాడికి వెళ్ళే క్రీచర్ శక్తి కొంత అదనంగా ఖర్చుపెట్టి, తర్వాతి టర్న్‌లో లేవకుండా పడి ఉంటుంది. దాడికి లాభం, కాపలాకి సున్నా. మైనస్ వన్ కౌంటర్లేమో (రెండంకెల్నీ ఒకటి చొప్పున తగ్గించే గుర్తు బిళ్ళలు) అడ్డు నిలబడే చిన్న క్రీచర్లని ఇంకా కుదించేవి. హజొరెట్ కార్డైతే చేతిలో ఒక ముక్కకి మించి ఉంటే కదలదు, కాబట్టి చవక కార్డులు గబగబా దించేసి చెయ్యి ఖాళీ చేసే డెక్‌లో (ఆటగాడు ఎంచుకుని తెచ్చుకునే కార్డుల కట్ట) ఆవిడ రాణి. 2017 జూలైలో క్యోటోలో జరిగిన ప్రో టూర్ అనే పెద్ద పోటీని పాలో విటోర్ డామో డా రోసా గెలిచింది అలాంటి డెక్‌తోనే. అందులో ఎడారినే బలిచ్చి ప్రత్యర్థికి 2 డ్యామేజ్ కొట్టే 'రామునాప్ రూయిన్స్' అనే ల్యాండ్‌ని (మానా ఇచ్చే నేల కార్డు) 2018 జనవరిలో స్టాండర్డ్‌లో, అంటే ఇటీవలి సెట్లు మాత్రమే చెల్లే ఆటతీరులో, నిషేధించాల్సి వచ్చింది.

ఇంత పరుగులో ఏం నలిగిపోయిందంటే, కట్టడం. అదే సెట్‌లో ఇటుక కౌంటర్లు ఉన్నాయని చాలామందికి గుర్తు కూడా లేదు. 'పిరమిడ్ ఆఫ్ ద పాంథియన్' అనే కార్డు వాడినప్పుడల్లా దాని మీద ఒక ఇటుక పడుతుంది. మూడు ఇటుకలయ్యాక ఒక్కసారి తిప్పితే మూడు మానా ఇస్తుంది. 'ఒరాకిల్స్ వాల్ట్' కూడా మూడు ఇటుకల మీదే నడిచేది. ఆలోచన బంగారం లాంటిది. కానీ మూడు ఇటుకలు పేర్చాలంటే మూడు టర్న్‌లు కావాలి, ఈలోగా ప్రత్యర్థి వచ్చి మీద పడేవాడు. ఇంకో చిక్కు, ఇటుకలన్నీ ఒకే ఆర్టిఫాక్ట్ (వస్తువు కార్డు) మీద ఉంటాయి. దాన్ని ఒక్క దెబ్బతో పగలగొడితే కట్టిందంతా పోయినట్టే.

కాలిపోయిన నగరాన్ని మళ్ళీ కట్టుకునే కథకి ఇంతకంటే మంచి పనిముట్టు ఏముంది? మా మాటల్లో అయితే ఇటుకల్ని ల్యాండ్ మీద పెట్టాలి. ఆర్టిఫాక్ట్‌ని పగలగొట్టే కార్డులు కోకొల్లలు, ల్యాండ్‌ని పగలగొట్టేవి తక్కువ. మూడు దాటి పేర్చనివ్వకూడదు, లేకపోతే లెక్క చూసుకోవడంతోనే ఆట తెల్లారుతుంది. ఎగ్జర్ట్‌ని ఉంచుకోవచ్చు, అయితే దాడికి బదులు పనికి వాడాలి. అంటే ఎగ్జర్ట్ చేసిన కూలీ ఒక ఇటుక పెట్టి, తర్వాతి టర్న్ విశ్రాంతి తీసుకుంటాడు. ఇది మేం గాల్లోంచి తీసిన ముచ్చట కాదు. మూడో రామెసెస్ ఏలుబడి 29వ ఏట, రాజసమాధులు చెక్కే దేర్ ఎల్ మదీనా పనివాళ్ళు కూలి ధాన్యం అందక పని ఆపి కూర్చున్నారు. చరిత్రకెక్కిన మొదటి సమ్మెగా దాన్నే చెప్తారు. ఈజిప్టు అంటే పిరమిడ్లూ శాపాలూ అనుకునేవాళ్ళకి ఈ పనివాళ్ళు కనబడనే కనబడరు.

ఈథర్‌డ్రిఫ్ట్ ఈ దారిలో రెండడుగులు వేసింది, ఒప్పుకోవాలి. బతికినవాళ్ళూ మమ్మీలూ ఒకే ఊళ్ళో సర్దుకుని ఉంటున్నారు, కొత్త దేవతలు పుట్టారు. కానీ ఆ సెట్ మూడు లోకాల మీదుగా సాగే వాహనాల పందెం. అమోన్‌ఖెట్‌కి దక్కింది అందులో ఒక వాటా. పైగా ఆ సెట్‌లో 'స్పీడ్' అనేది ఒకటి నుంచి నాలుగు వరకు పెరగాలి, అదీ మీ టర్న్‌లో ప్రత్యర్థికి ప్రాణం తగ్గితేనే, టర్న్‌కి ఒక్కసారే. కొత్త హజొరెట్ స్పీడ్ నాలుగుకి చేరేదాకా దాడికీ రాదు, అడ్డూ నిలవదు. ఊళ్ళో దేవత రథం కదలాలంటే పక్కవాడికి రక్తం కారాలన్నట్టుంది వ్యవహారం.

కొత్త దేవతల్లో సాబ్-సునెన్ మాకు ముచ్చటగా అనిపించింది. నదికి రూపం ఆవిడ, ఐదు మానాకి 6/6. మీ టర్న్ మొదట్లో ప్లస్ వన్ కౌంటర్ ఒకటి పడుతుంది. కౌంటర్ల సంఖ్య బేసి అయితే రెండు కార్డులు ఇస్తుంది. సరి అయితేనే పోరాటానికి దిగుతుంది, సున్నా కూడా సరిసంఖ్యే. ఒక ఏడు ఒండ్రు, ఒక ఏడు ఉప్పెన అన్నట్టు నైలు స్వభావం రెండు వాక్యాల్లో పట్టారు. ఇక్కడే వచ్చే సెట్‌కి ఒక నిర్ణయం ఉంది. పాత సెట్ నిండా మైనస్ వన్ కౌంటర్లు, నదమ్మకేమో ప్లస్ వన్. ఒకే క్రీచర్ మీద రెండూ పడితే రూల్ ప్రకారం ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, చూసేవాడికి లెక్క తప్పుతుంది. అందుకే మామూలుగా ఒక సెట్‌లో ఒక రకాన్నే వాడతారు. ఊరు చిగురిస్తున్న కథకి ప్లస్ వన్నే నప్పుతుంది.

నైలు ఏడాదిని ఈజిప్షియన్లు మూడు కాలాలుగా లెక్కపెట్టారు: అఖెత్ వరద, పెరెత్ పంట ఎదిగే కాలం, షెము కోత. ఒక్కోటి నాలుగు నెలలు. దీన్ని పగలూ రాత్రీ లాగా బల్ల మొత్తానికి వర్తించే నియమంగా పెడితే కొంప మునుగుతుంది. 2021లో ఇన్నిస్ట్రాడ్ అనే లోకం సెట్‌లో అలాగే పెట్టారు. ఒకసారి మొదలైతే, దానికి సంబంధించిన కార్డు బల్ల మీద లేకపోయినా, ఆట అయ్యేదాకా గుర్తుపెట్టుకోవాలి. సగం మంది మర్చిపోయేవారు. సాగా కార్డులైతే ఆ బాధ లేదు. 2018లో, అంటే అమోన్‌ఖెట్ వచ్చిన ఏడాదికి పుట్టిన రకం అది. మూడు అధ్యాయాలు, టర్న్‌కి ఒకటి. మూడు కాలాలకి కొలిచి కుట్టినట్టుంది. మూడో అధ్యాయం కార్డుని తిరిగి చేతిలోకి పంపితే వరద మళ్ళీ వస్తుంది. ధర మాత్రం నాలుగు మానాకి తగ్గకూడదు, తగ్గితే రోకలిపాటలా ఎడతెగకుండా తిరుగుతూనే ఉంటుంది.

ఇక మమ్మీలు. ఎంబామ్ అనే శక్తిని మళ్ళీ తేవాల్సిందే. 'సేక్రెడ్ క్యాట్' కార్డు చూడండి. ఒక తెల్ల మానాకి 1/1 పిల్లి, కొట్టినంత ప్రాణం మీకు చేరుతుంది. చచ్చి గ్రేవ్‌యార్డ్‌లో (వాడేసిన కార్డుల కుప్ప) పడ్డాక ఇంకో తెల్ల మానా కట్టి ఆ కార్డుని ఎగ్జైల్ చేస్తే (ఆట నుంచి పక్కకి తీసేస్తే), కట్లు కట్టిన మమ్మీ పిల్లి టోకెన్‌గా (కార్డుకి బదులు పెట్టే బొమ్మ) లేచొస్తుంది. ఎగ్జైల్ చేయడం ధరలో భాగం కాబట్టి, మీరు మొదలుపెట్టాక ప్రత్యర్థి మధ్యలో ఆ కార్డుని లాగేయలేడు. బోలస్ దాచిన 'స్కారబ్ గాడ్'తో అలా కాదు. అది గ్రేవ్‌యార్డ్‌లోని కార్డుని గురి చూస్తుంది, కనక ఎదుటివాడు దాన్ని ముందే మాయం చేయొచ్చు. ఎంబామ్‌తో వచ్చే ఇబ్బంది టోకెన్లే. ఒక్కో క్రీచర్‌కి ఒక్కో బొమ్మ ప్రింట్ చేయాలి, ప్యాకెట్‌లో మనకి కావలసింది రాదు. ఎంబామ్‌ని పదిలోపు క్రీచర్లకి పరిమితం చేస్తే ఆ బెడద సగం తీరుతుంది.

చేతులు కట్టుకుని పనిచేసే ఆ మమ్మీ సేవకులకి చరిత్రలో షాబ్తి బొమ్మలు దగ్గరి చుట్టాలు. పరలోకంలో యజమాని బదులు పొలం పనికి వెళ్ళాల్సిన బొమ్మలవి. పూర్తి జట్టంటే 401: రోజుకొకటి చొప్పున 365, పదేసి మందికి ఒకటి చొప్పున 36 మేస్త్రీ బొమ్మలు. బోలస్ పోయాక ఆ సేవకులు ఎవరి పని చేస్తున్నారు, కూలి ఎవరిస్తున్నారు? వచ్చే కథకి పట్టు ఇక్కడుంది. ఇంకో డ్రాగన్ అక్కర్లేదు.

అందంగా ముద్రించే ప్రత్యేక కార్డుల గురించి ఒక్క మాట. 2017లో 54 'ఇన్వొకేషన్' కార్డులు తెచ్చారు. చిత్రలిపిని తలపించే అక్షరాలు వేశారు, పేరు చదవడానికే కళ్ళు చికిలించాల్సి వచ్చింది. మళ్ళీ వద్దు.

చోటు దొరుకుతుందా అన్నది మరో ప్రశ్న. 2025లో స్టాండర్డ్‌కి వచ్చిన ఆరు సెట్లలో మూడు బయటి టీవీ కార్టూన్లు, ఆటలు, కామిక్స్ లోకాలవే. సొంత లోకాలకి వంతు రావడం కష్టమవుతోంది. వినే చెవి మాత్రం ఉందనడానికి ఒక గుర్తు: అదే ఈథర్‌డ్రిఫ్ట్‌లో కళాదేశ్ పేరు మార్చి అవిష్కార్ అన్నారు. ఇంగ్లీషు అక్షరాల్లో 'కళ' అని చదవాలో 'కాలా' (నలుపు) అని చదవాలో తేలని పేరు పోయి, తెలుగువాడికీ సులువుగా అర్థమయ్యే పేరు వచ్చింది. మన బొమ్మకి చేసిన మర్యాద ఈజిప్టుకీ చెయ్యాలి, కైరోలో ఆడేవాళ్ళ మాటా వినాలి.

అందాకా 2017 నాటి కార్డులు అట్టపెట్టెల్లో ఉన్నవాళ్ళు పిల్లుల్ని పారేయకండి. ఈథర్‌డ్రిఫ్ట్‌లో కెట్రమోస్ అనే మూడు మానా దేవత వచ్చింది. మీ టర్న్‌లో గ్రేవ్‌యార్డ్ నుంచి కార్డు ఎగ్జైల్ అయితే ఒక ప్రాణం తీసుకుని ఒక కార్డు ఇస్తుంది. ఎంబామ్ చేసేది ఎటూ మన టర్న్‌లోనే. పయనీర్ అనే ఆటతీరులో రెండూ చెల్లుతాయి. 60 కార్డుల డెక్‌లో నాలుగు పిల్లులు పెట్టి చూడండి, ప్రతి పిల్లీ రెండుసార్లు బతికి ఒక కార్డు తెచ్చిపెడుతుంది.

ఇట్లు,
మ్యాజిక్ ఆడే కొందరు పాఠకులు, హైదరాబాద్