గడువు దాటాక చేతికందే మాత్ర

తమిళనాడు ఆరోగ్య, కుటుంబ సంక్షేమ శాఖ మంత్రి గారికి,

నమస్కారాలు. నేను చెన్నై కొరుక్కుపేటలో మూడు తరాలుగా ఉంటున్న తెలుగు కుటుంబానికి చెందినవాడిని. రెండేళ్ల క్రితం మా మేనకోడలికి ఐదో నెల స్కానింగులో బిడ్డ వెన్నెముక సరిగా మూసుకోలేదని తేలి, గర్భం తీయించవలసి వచ్చింది. ఫోలిక్ యాసిడ్ అనే బి విటమిన్ మాత్రలు ఒక్కరోజూ మానని పిల్ల. కాని వాటిని ఆమెకు ఇచ్చింది రెండో నెల దాటాకే.

బిడ్డ మెదడుకు, వెన్నుపాముకు మూలమైన నాడీనాళం గర్భం నిలిచిన 28 రోజుల్లోపే మూసుకుంటుంది. నెల తప్పిందని గుర్తించి ఆసుపత్రిలో పేరు రాయించుకునేసరికే ఆ గడువు తీరిపోతుంది. ఒకసారి ఇటువంటి గర్భం కలిగిన స్త్రీలు ముందునుంచే ఫోలిక్ యాసిడ్ వాడితే, లోపం మళ్ళీ రావడం 72 శాతం తగ్గిందని 1991లోనే బ్రిటన్ వైద్య పరిశోధన మండలి అధ్యయనం తేల్చింది. మన రక్తహీనత నివారణ మార్గదర్శకాలలోనూ గర్భధారణకు ముందునుంచి మూడో నెల వరకు రోజుకు 400 మైక్రోగ్రాములు వాడాలనే ఉంది. ఆ మాట కొత్త కోడలి చెవిన వేసేవారే లేరు. మద్రాసు వైద్య కళాశాలలో చదివిన యల్లాప్రగడ సుబ్బారావు గారి బృందం 1940లలో కృత్రిమంగా తయారుచేసిన మందు ఇది. ఆ ఊళ్ళోనే వేళకు అందడం లేదు.

రేషన్ బలవర్ధక బియ్యంలో ఫోలిక్ యాసిడ్ కలిపాం కదా అనవచ్చు. నిబంధన ప్రకారం కిలోకు 75 నుంచి 125 మైక్రోగ్రాములు. రోజుకు 400 గ్రాముల బియ్యం తినే మనిషికి దక్కేది 30 నుంచి 50. ఆకుకూరలు చాలవా అని మా అక్క వాదించింది గాని, తోటకూర ఉడికించిన నీళ్ళు పారబోసే ఇల్లు మాది, ఆకుకూరల్లో సహజంగా ఉండే ఇదే విటమిన్, ఫోలేటులో కొంత అక్కడే పోతుంది.

అమెరికా 1998లో ధాన్యపు పిండిలో 100 గ్రాములకు 140 మైక్రోగ్రాములు కలపడం తప్పనిసరి చేశాక ఈ లోపాలు సుమారు 35 శాతం తగ్గాయి. లెక్క ఉంది గనుకనే ఆ తగ్గుదల తెలిసింది. మన దగ్గర రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం 2013 నుంచి పుట్టిన పిల్లలను పరీక్షిస్తోంది. మా మేనకోడలి బిడ్డ పుట్టనే లేదు. స్కానింగులు పెరిగేకొద్దీ ఇలా లెక్కకు రానివారు పెరుగుతారు, అప్పుడు పదేళ్ల పట్టికలో గీత కిందికి దిగినా తగ్గింది లోపమో, పుట్టుకో ఎవరూ చెప్పలేరు.

కాబట్టి వివాహ నమోదు సమయంలోనూ, రేషన్ కార్డులో కోడలి పేరు చేర్చేటప్పుడూ తమిళం, తెలుగు చీటీతో మూడు నెలల మాత్రలు ఇప్పించండి. ఒకసారి ఇలా నష్టపోయినవారికి డాక్టరు సలహాతో ఎక్కువ మోతాదు అవసరమన్న సంగతి ఆ చీటీలోనే రాయించండి. లోపం బయటపడి ఆగిపోయిన గర్భాలను కూడా, పేర్లు లేకుండా, జిల్లాలవారీగా ఏటా ప్రకటించండి.

ఇట్లు,
కొరుక్కుపేట నివాసి