సింగ్‌నగర్ వరదలో మా చేయి పట్టుకున్న అందరికీ కృతజ్ఞతలు

ప్రభువు నామంలో అందరికీ వందనాలు.

2024 సెప్టెంబరు 1, ఆదివారం. బుడమేరు వాగు నీళ్ళు విజయవాడ సింగ్‌నగర్‌ను ముంచేశాయి. మందిరానికి వెళ్ళడానికి ఇస్త్రీ చేసి పెట్టుకున్న బట్టలు అలాగే ఉన్నాయి, ఇంట్లో గుండెల్లోతు నీళ్ళు. "ముందు పెద్దావిణ్ణి పైకి తీసుకురండమ్మా, సామాను సంగతి తర్వాత" అని పై వాటా పిన్నిగారు కేకేశారు. నీళ్ళు తీసేదాకా ఆవిడ పొయ్యి మీదే మా వంట, ఆవిడ మంచాల మీదే మా పిల్లల పడక. పిన్నిగారూ, ముందుగా మీకు నా నమస్కారాలు.

మా అత్తయ్యగారికి షుగర్, రోజూ ఇన్సులిన్ పడాలి. కరెంటు లేదు. సీసాకి తడిగుడ్డ చుట్టి కుండలో పెట్టాం. అదీ అయిపోవస్తుంటే టెన్షన్‌తో సంఘం గ్రూపులో మెసేజ్ పెట్టాను. మర్నాడు లారీ ట్యూబు పట్టుకుని ఒక అబ్బాయి వచ్చాడు. థర్మాస్ ఫ్లాస్కు తల మీద పెట్టుకుని, ఒక చేత్తో అదిమి పట్టుకున్నాడు. మూత తీస్తే చల్లటి వాటర్ ప్యాకెట్ల మధ్య ఇన్సులిన్. మా సంఘం వాడు కాదు, పక్క వీధి మసీదు దగ్గర కుర్రాళ్ళతో పాలు పంచుతున్నవాడట. పేరు అడిగేలోపే వెళ్ళిపోయాడు.

ఆ రాత్రి పాస్టరుగారు ఫోన్లో బైబిల్లోని 29వ కీర్తన చదివారు. యెహోవా ప్రళయజలాల మీద రాజుగా కూర్చుని ఉన్నాడని దావీదు అందులో అంటాడు. కింద మా ఫ్రిజ్ తేలుతూ గోడకి కొట్టుకుంటున్న చప్పుడు వింటూ ఆ మాట విన్నాను. నీళ్ళేం తగ్గలేదు. ఇవి కూడా ఆయన చేతిలోవే అన్న ధైర్యం మాత్రం వచ్చింది, నిద్ర పట్టింది.

"మీరు ప్రార్థనాపరులు కాబట్టి దేవుడు కాపాడాడు" అని చాలామంది ప్రేమతో అన్నారు. ఆ మాట నేను ఒప్పుకోలేను. మాకంటే ఎక్కువ ప్రార్థించే ఇంట్లో మనిషినే పోగొట్టుకున్నారు. వాళ్ళ ముందు నిలబడి ఆ మాట ఎలా అనగలను? బైబిల్లో అన్నీ పోగొట్టుకున్న యోబుకి కూడా దేవుడు కారణం చెప్పలేదు. ఎందుకు రానిచ్చావు ప్రభువా అని నేను ఇంకా అడుగుతూనే ఉన్నాను. జవాబు వచ్చేదాకా ఆగి ఆ తర్వాత నమ్మాలనుకోలేదు, అంతే. ఆయన చిత్తం అన్నాం కదా అని బుడమేరు కట్టల గురించీ ఆక్రమణల గురించీ ప్రభుత్వాన్ని అడగడం మానకూడదు. అడగాలి, గట్టిగా అడగాలి.

గండ్లు పూడ్చిన సైనికులకు, పడవల మీద వచ్చిన ఎన్డీఆర్ఎఫ్ వాళ్ళకు, మా వీధిలో బురద కడిగిన ఫైరింజన్ సిబ్బందికి, పారిశుద్ధ్య కార్మికులకు చేతులెత్తి దణ్ణం. కింది ఇళ్ళకి ప్రభుత్వం ప్రకటించిన 25,000 రూపాయలూ అందాయి.

నా బతుకుతెరువు కుట్టుమిషను. దసరాకి ఒప్పుకున్న జాకెట్టు ముక్కలన్నీ మురుగులో నానిపోయాయి. ఒక్కరు కూడా "నా పట్టు ముక్క ఏదీ" అని అడగలేదు, ఒకావిడైతే కొత్త ముక్కతో పాటు అడ్వాన్సు కూడా చేతిలో పెట్టింది. మెకానిక్ అన్నయ్య మిషనంతా విప్పి, బురద తీసి, హుక్కు, బాబిన్ కేసు కొత్తవి వేశాడు. నూనె డబ్బులు కూడా పుచ్చుకోలేదు. డ్వాక్రా గ్రూపులో అక్కలు నా కిస్తీ తలా కొంచెం వేసుకుని కట్టేశారు. వాళ్ళలో సగం మంది ఇళ్ళు కూడా మునిగినవే.

మీరందరూ దేవుడు మా ఇంటికి పంపిన మనుషులని మేం నమ్ముతున్నాం.

ఫ్లాస్కు తెచ్చిన తమ్ముడూ, నువ్వు ఇది చూస్తే ఒకసారి ఇంటికి రా. అత్తయ్యగారు నిన్ను చూడాలని రోజూ అడుగుతున్నారు. నీ ఫ్లాస్కు కూడా మా దగ్గరే ఉంది.