ఆరోగ్యం పేజీలో మన చేపల పేర్లు వేయండి

ఎడిటర్ గారికి,

గత ఆదివారం మీ ఆరోగ్యం పేజీలో చేపలు తింటే గుండెకు మంచిదని రాశారు. రాసిందంతా నిజమే. కానీ పక్కన వేసిన పట్టికలో సాల్మన్, ట్యూనా, ట్రౌట్ అని ఉంది. కావలి చేపల మార్కెట్‌లో ఈ చివర నుంచి ఆ చివరకు తిరిగినా ట్రౌట్ అంటే ఏమిటో చెప్పగలిగేవాళ్లు ఒక్కరు దొరకరు. నిరుడు మా ఆయనకు స్టెంట్ వేసినప్పుడు నెల్లూరులో ఒక ఆసుపత్రివాళ్లు ఇచ్చిన డైట్ చార్టులోనూ ఇదే వరస. వారానికి రెండుసార్లు సాల్మన్, లేదంటే చేపనూనె క్యాప్సూల్స్ అని రాశారు. మేం అడక్కుండానే క్యాప్సూల్స్ సీసా బిల్లులో కలిపేశారు. "కానాగంతలు పెట్టొచ్చా అమ్మా?" అని డైటీషియన్ అమ్మాయిని అడిగితే, "అవి చార్టులో లేవు ఆంటీ" అంది పాపం.

బోగోలు, అల్లూరు మండలాల పల్లెల్లో ఏఎన్ఎంగా పనిచేసి రిటైరయ్యాను. ఇంటి ముందు నెత్తళ్లనే చిన్న చేపలు ఆరబోసుకుని, "బలానికి ఏం తినాలి మేడం, హార్లిక్స్ తెప్పించమంటారా" అని అడిగిన గర్భిణులను ఎంతోమందిని చూశాను. అందుకే ఈ ఉత్తరం.

గుండెకు మేలు చేస్తాయనే ఒమేగా-3 కొవ్వుల్లో ఈపీఏ, డీహెచ్ఏ ముఖ్యమైనవి. అవిసె గింజల్లో ఉండేది వేరే రకం, దాన్ని మన ఒళ్లు ఈ రెండింటిగా మార్చుకునేది చాలా తక్కువ. ఈపీఏ, డీహెచ్ఏ దండిగా ఉండేది కొవ్వు పట్టిన సముద్రపు చేపల్లో. సాల్మన్‌కు అంత పేరు రావడానికి కారణం అదే. మన కవళ్లు (సార్డీన్లు), కానాగంతలు (మాకెరెల్) కూడా ఆ కోవలోవే. పొద్దున్నే జువ్వలదిన్నె వైపు నుంచి మోపెడ్ మీద చేపలు తెచ్చే ఆమె మా గుమ్మం ముందు ఆగి, "కవళ్లు మా, కొవ్వు పట్టి ఉండాయి, చెయ్యి పెట్టి చూడు" అంటుంది. నిజంగానే వాటిని కడిగాక చేతికి అంటిన జిడ్డు సబ్బుకు ఓ పట్టాన వదలదు. ఆ జిడ్డునే మనం సీసాలో మాత్రలుగా కొంటున్నాం! పోనీ మాత్రలు అంత పనిచేస్తాయా అంటే, 2018లో వైద్య పరిశోధనలను బేరీజు వేసే కోక్రేన్ సంస్థవాళ్లు 79 ప్రయోగాలను, లక్షకు పైగా మనుషుల వివరాలను ఒకచోట చేర్చి చూసి, ఒమేగా-3 మాత్రలతో గుండెజబ్బుల విషయంలో పెద్దగా తేడా లేదని తేల్చారు. చేప తినమని మాత్రం అమెరికా హార్ట్ అసోసియేషన్ ఇప్పటికీ చెబుతూనే ఉంది. వారానికి రెండుసార్లు, వండిన చేప సారికి 85 గ్రాముల చొప్పున. మనకు అదేమంత ఎక్కువ? ఒక పూట పులుసులో పోతుంది.

చేపలో మాంసకృత్తులు, బీ12, డీ విటమిన్, అయోడిన్ ఉంటాయని మీరే రాశారు, మళ్లీ చెప్పను. రాయనిది ఒకటుంది. నెత్తళ్లలాంటి చిన్న చేపలను ముల్లుతో సహా నమిలి తింటాం కాబట్టి కాల్షియం కూడా వస్తుంది. వంజరం ముక్కలో ముల్లు తీసి పారేస్తాం, ఆ లాభం ఉండదు. అయినా ఇంటికి చుట్టాలొస్తే వంజరం, చందువా ఉండాల్సిందే. కవళ్లంటే ముళ్లు, వాసన అని మొహం తిప్పుకుంటారు. వంజరం కిలో డబ్బుతో కవళ్లు మూడు నాలుగు కిలోలు వస్తాయి. మనం వద్దన్న ఆ చిన్న చేప ఎండి, పొడై, రొయ్యల మేతలో కలుస్తోంది. 2009లో వనామీ రకం రొయ్యకు అనుమతి వచ్చాక మా వైపు రొయ్యల గుంటలు ఎంత పెరిగాయో మీకు తెలుసు. మా తమ్ముడికీ గుంటలున్నాయి కాబట్టి ఇంతకంటే ఎక్కువ మాట్లాడను.

బాలింతల సంగతి కాస్త వివరంగా చెప్పాలి. పాలు పడతాయని మా వైపు పాల సొర చేపతో పిట్టు చేసి పెడతారు. మా అత్తగారు నాకూ పెట్టింది, రుచికి వంక పెట్టను. అయితే సముద్రంలో పెద్ద చేప చిన్న చేపలను తింటూ బతుకుతుంది కాబట్టి, వాటిలోని పాదరసం దాని ఒంట్లో పేరుకుంటూ పోతుంది. గర్భిణులు, బాలింతలు తినకూడదని అమెరికాలో ఆహారం, మందులను నియంత్రించే సంస్థ ఎఫ్‌డీఏ ఇచ్చిన జాబితాలో సొర ఉంది. పాల సొర చిన్న జాతి కదా, దానిలో అంత ఉండదు అంటారు కొందరు. ఉండకపోవచ్చు. కానీ గంపలో కోసి పెట్టిన ముక్క ఏ సొరదో ఎవరు చెప్పగలరు? అలాగని పాదరసం భయంతో చేపే మానేయమని చెప్పేవాళ్లతో నాకు ఇంకా పెద్ద పేచీ. కడుపులో బిడ్డ మెదడు ఎదగడానికి డీహెచ్ఏ కావాలి. అందుకే అదే ఎఫ్‌డీఏ, పాదరసం తక్కువ ఉన్న చేపలను గర్భిణులు వారానికి 225 నుంచి 340 గ్రాముల దాకా తినమంటోంది. ఆ మంచి జాబితాలో కవళ్ల జాతి, నెత్తళ్ల జాతి రెండూ ఉన్నాయి.

ఇంకో మాట. కానాగంతలు తిన్న గంటలోపే మొహం ఎర్రబడి, దద్దుర్లు లేచి సబ్ సెంటర్‌కు పరుగెత్తుకొచ్చేవాళ్లు ఉండేవారు. "నాకు చేప పడదు మేడం" అని ఇక జన్మలో ముట్టేవారు కాదు. చాలాసార్లు తప్పు చేపది కాదు, ఐస్‌ది. కానాగంత ఐస్ లేకుండా ఎండలో ఉంటే దాని కండలో హిస్టమిన్ అనే, దద్దుర్లు తెప్పించే పదార్థం తయారవుతుంది. ఎంత ఉడికించినా అది పోదు, వాసనకు తెలియకపోవచ్చు కూడా. కాబట్టి బేరం ఆడేముందు పెట్టెలో ఐస్ ఉందో లేదో చూడాలి, మొప్పలు ఎత్తి ఎరుపు చూడాలి. ఐస్ కోసం ఆమె పది రూపాయలు ఎక్కువ అడిగితే ఇచ్చేయండి.

వండే తీరుకూ లెక్క ఉంది. నూనెలో ముంచి వేయించిన చేపతో గుండెకు ఆ మేలు కనిపించలేదని అమెరికాలో పెద్దవయసువాళ్ల మీద చేసిన పరిశోధనలో తేలింది. మామిడికాయ వేసిన మన పులుసుకు ఆ ఇబ్బంది లేదు, కొవ్వు దిగినా పులుసులోకే దిగుతుంది. ఎండుచేపల్లో ఉప్పు ఎక్కువ, బీపీ ఉన్నవాళ్లు వేణ్నీళ్లలో నానబెట్టి కడుక్కున్నా కొద్దిగానే తినాలి.

నేను కోరేది ఒక్కటే. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన ఆహార పదార్థాల పోషక విలువల పట్టికల్లో మన సముద్రపు చేపలు పదుల సంఖ్యలో ఉన్నాయి. వాటిలో మా తీరంలో దొరికేవి ఏరి, మా నెల్లూరు, ప్రకాశం జనం పిలుచుకునే పేర్లతో, ఫొటోలతో ఒక పట్టిక వేయండి. బాలింతలకు ఏవి, బీపీ ఉన్నవాళ్లకు ఏవి అన్నది పక్కనే ఉంటే మరీ మంచిది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం కాబట్టి, ఆ 61 రోజుల్లో తినదగ్గ చెరువు చేపల సంగతి కూడా అందులో చేర్చగలరు.

ఇట్లు,
రిటైర్డ్ ఏఎన్ఎం,
కావలి, నెల్లూరు జిల్లా