జి-9 ట్రే మీద సబ్‌కల్చర్ సంఖ్య ముద్రించండి: ఉద్యాన శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ ఉద్యాన శాఖ మంత్రి గారికి,

నమస్కారం. అనంతపురం, కడప, గోదావరి జిల్లాల రైతులు రాయితీ మీద టిష్యూకల్చర్ (ల్యాబ్‌లో కణజాలం నుంచి పెంచిన) అరటి నాటుతున్నారు. రకం పేరు అడిగి తీసుకుంటారు. ఆ మొక్క ల్యాబ్‌లో ఎన్నో సబ్‌కల్చర్‌లో, అంటే మొలకలను విడదీసి కొత్త మాధ్యమంలోకి మార్చే ఎన్నో విడతలో తయారైందో మాత్రం వారికి చెప్పేవారు లేరు. ఆ ఒక్క అంకె రైతుకు ఎందుకు కావాలో వివరించడానికే ఈ లేఖ.

జి-9 (గ్రాండ్ నైన్) అరటి కాయలో విత్తనం ఉండదు. 33 క్రోమోజోములున్న ఈ రకం పిలకల ద్వారానే వృద్ధి చెందుతుంది. విత్తనంతో పెరిగే పంటలో ప్రతి తరం ఒకే కణం నుంచి మళ్లీ మొదలవుతుంది, దెబ్బతిన్న జన్యువుల్లో కొన్ని అక్కడే రాలిపోతాయి. అరటికి ఆ వడపోత లేదు. మొవ్వులోని ఒక కణంలో వచ్చిన మార్పు పిలకకు, దాని పిలకకు సాగుతూనే ఉంటుంది. కావెండిష్ వర్గానికి చెందిన పొట్టి కావెండిష్, రోబస్టా, గ్రాండ్ నైన్ ఎత్తులో తేడాగా ఉండటానికి కారణం ఇలాంటి శరీర కణ ఉత్పరివర్తనాలే.

కణం చీలే ప్రతిసారీ డీఎన్ఏ మొత్తం నకలవుతుంది. తప్పులు దిద్దే ఎంజైములున్నా కొన్ని తప్పులు మిగిలిపోతాయి. తోటలో మొవ్వు కొసనున్న మూలకణాలు నెమ్మదిగా చీలతాయి. ల్యాబ్‌లో సూది పిలక కొసను మురాషిగి-స్కూగ్ అనే పోషక మాధ్యమంలో, మొలకలు పుట్టించే బీఏపీ హార్మోను లీటరుకు 2 నుంచి 5 మిల్లీగ్రాములు కలిపి పెంచి, మూడు నాలుగు వారాలకోసారి మొలకలను విడదీస్తారు. హార్మోను మోతాదు మించితే అసలు మొవ్వు నుంచి కాకుండా గాయం దగ్గరి కణాల గడ్డ నుంచి మొలకలు పుడతాయి. అసలు రకాన్ని పోలని తేడా మొక్కలు ఎక్కువగా వచ్చేది అలాంటి చోటే. జన్యువుల వరుస మారకపోయినా, వాటి పనిని నియంత్రించే మిథైల్ అనే రసాయన గుర్తులు చెరిగిపోయి కూడా మొక్క స్వభావం మారవచ్చు.

ఒక మొలక ప్రతిసారీ మూడవుతుందనుకుంటే 8 సబ్‌కల్చర్లకు 6,561 మొలకలు, 10కి 59,049. రెండు విడతలు ఎక్కువ తిప్పితే తొమ్మిది రెట్ల సరుకు. సబ్‌కల్చర్లు ఎనిమిది దాటకూడదన్న హద్దు ఆర్డర్ల ఒత్తిడిలో తెగేది ఇక్కడే. హద్దు పాటించినంత మాత్రాన కూడా సరిపోదు. రెండో విడత ముగిసేసరికి ఉన్న 9 మొలకల్లో ఒకటి మారితే, మొదట తెచ్చిన పిలక నుంచి వచ్చే మొక్కల్లో తొమ్మిదో వంతు తేడావే. అదే మార్పు ఎనిమిదో విడతలో వస్తే 6,561లో ఒకటి. అందుకే ఒక్కో పిలక నుంచి తీసే మొక్కల సంఖ్యకు కూడా గట్టి పరిమితి ఉండాలి.

మమ్మల్ని ఎక్కువ కలవరపెట్టేది మరొకటి. టిష్యూకల్చర్ తోటలోని పిలకనే తెచ్చి ల్యాబ్‌లో కొత్త బ్యాచ్ మొదలుపెడితే, రిజిస్టరులో లెక్క సున్నా నుంచి మొదలవుతుంది. కణాల్లో లెక్క అలా మొదలవదు, పాత మార్పులన్నీ అందులోనే ఉంటాయి. పైగా మారిన కణాలు మొవ్వులో ఒక పొరకే పరిమితమైతే తల్లి మొక్క చూడ్డానికి మామూలుగానే ఉంటుంది. తర్వాతి విడతల్లో ఆ పొర కణాల నుంచి పూర్తిగా మారిన మొక్కలు బయటపడతాయి.

కావెండిష్‌లో ఎక్కువగా కనిపించే తేడా పొట్టి మొక్క. ఆకు తొడిమ కురచగా, ఆకు వెడల్పుగా ఉంటుంది. గెల తరచూ పూర్తిగా బయటికి రాక కాండంలో ఇరుక్కుంటుంది. మరో తరహా తేడా మొక్కలో ఆకులు మందంగా, వంకరగా, లేత మచ్చలతో ఉండి వైరస్ తెగులులా కనిపిస్తాయి. వైరస్ అయితే పేనుబంక ద్వారా పక్క మొక్కలకు పాకుతుంది, ఇది పాకదు. 1.8 మీటర్ల ఎడంలో ఎకరాకు దాదాపు 1,250 మొక్కలు పడతాయి. గెల వేసేది ఏడెనిమిది నెలలకు. అప్పటికి ఎరువు, డ్రిప్, కూలి ఖర్చులన్నీ అయిపోయి ఉంటాయి.

2006 నుంచి కేంద్ర బయోటెక్నాలజీ శాఖ ధ్రువీకరణ వ్యవస్థ ఉంది. అందులో వైరస్ పరీక్షలు, జన్యు ఏకరూపత పరీక్షలు జరుగుతాయి. అది మంచి పునాది. కానీ జన్యు పరీక్ష చూసేది నమూనా మొక్కల్లో కొన్ని డీఎన్ఏ గుర్తులను మాత్రమే. గుర్తు లేని చోట మార్పు ఉంటే అది దొరకదు. కంటితో ఏరివేయడం తప్పనిసరి.

కాబట్టి రాయితీ చెల్లింపును కొన్ని షరతులకు ముడిపెట్టండి. ప్రతి ట్రే మీద బ్యాచ్ సంఖ్య, తల్లి మొక్క సంఖ్య, కల్చర్ మొదలైన తేదీ, సబ్‌కల్చర్ సంఖ్య తెలుగులో ముద్రించాలి. తల్లి మొక్కలను రెండు పంటల గెలలు చూశాకే ఎంచుకోవాలి, వాటి మూలం కూడా నమోదు కావాలి. షేడ్‌నెట్‌లో గట్టిపరిచే దశలో కురచ తొడిమ, వెడల్పాకు మొక్కలను ఏరేసి, ఎన్ని తీసేశారో రాసిపెట్టాలి. తేడాలు కనిపించే వయసుకు ముందే ట్రేలు పంపేస్తే ఈ ఏరివేత సాగదు, కనుక పంపే కనీస వయసు కూడా ఉత్తర్వులోనే ఉండాలి. ప్రతి బ్యాచ్ నుంచి కొన్ని మొక్కలను కొవ్వూరు పరిశోధన స్థానంలోనూ, రాయలసీమలో ఒక చోటా నాటించి గెల దాకా చూడాలి. పొలంలో తేడా మొక్కలు 5 శాతం దాటితే బ్యాచ్ సంఖ్య ఆధారంగా సరఫరాదారు నుంచే పరిహారం ఇప్పించాలి.

వచ్చే నాటు కాలానికి ముందే ఉత్తర్వు జారీ చేయాలని కోరుతూ,

మొక్కల జన్యుశాస్త్రం, టిష్యూకల్చర్ రంగాల్లో పనిచేస్తున్నవారు