ఆదాయం గడి మారితే స్వభావమూ మారింది

గౌరవనీయ సంపాదకులకు,

నల్గొండ ప్రకాశం బజారుకు దసరా బట్టల కోసం వెళ్లినప్పుడు, ఒక దుకాణంలో బిల్లు కట్టే చోట ‘మీ వ్యక్తిత్వం తెలుసుకోండి, తగ్గింపు పొందండి’ అని ఇంగ్లిషులో అచ్చువేసిన క్యూఆర్ కోడ్ కాగితం కనిపించింది. ఫోన్‌లో తెరిస్తే మొదటి ప్రశ్న కంటే ముందే నంబరు అడిగింది. నేను నింపలేదు. ఎంబీఏ చదువుతున్న మా మనవరాలు అంతకు కొద్ది రోజుల ముందే ఇలాంటిదొకటి నాతో నింపించి ఉండడమే అందుకు కారణం.

మనవరాలు నింపించినది అమెరికాలో తయారైన ‘వాల్స్’ (వాల్యూస్ అండ్ లైఫ్‌స్టైల్స్, అంటే విలువలు, జీవనశైలులు) సర్వే. 1978లో కాలిఫోర్నియాలోని ఎస్‌ఆర్‌ఐ అనే పరిశోధన సంస్థలో ఆర్నాల్డ్ మిచెల్ మొదలుపెట్టిన ఈ పద్ధతి, తర్వాత మార్చిన రూపంలో అక్కడి వయోజనులను ఎనిమిది వర్గాలుగా విడదీస్తుంది. మనిషిని నడిపించేది ఆదర్శమా, సాధించి చూపాలన్న పట్టుదలా, తన తీరును చాటుకోవాలన్న ఉబలాటమా అన్నది ఒక కొలత. చదువు, ఆదాయం, ఆత్మవిశ్వాసం వంటి వనరులు రెండో కొలత. వస్తువును కొనడం కంటే సొంతంగా చేసుకోవడమే ఇష్టమా అన్న ప్రశ్నకు నేను తడుముకోకుండా ఔనన్నాను. నిజానికి చొక్కా గుండీ ఊడినా దర్జీ దగ్గరికి నడిచే మనిషిని. చివరకు సర్వే నన్ను ‘థింకర్’ (ఆలోచనాపరుడు) అని తేల్చింది. ఆ పూటంతా గర్వంగానే గడిచింది.

పక్కనే ఉన్న నా భార్య నమ్మలేక, నా తరఫున మళ్లీ తానే జవాబులిచ్చింది. ఆదాయం గడిలో నేను కొడుకు జీతం కూడా కలిపి చూపగా, ఆమె నా పింఛను మాత్రమే చూపింది; ఆత్మవిశ్వాసం గురించిన జవాబులను కొంత తగ్గించింది. నేను ‘బిలీవర్’ను (విశ్వాసిని) అయిపోయాను. ఈ రెండు వర్గాల వారికీ ప్రేరణ ఆదర్శమేననీ, తేడా అంతా వనరుల దగ్గరేననీ మనవరాలు వివరించాక, స్వభావమనుకొని నేను మురిసినదానిలో సగం నా కొనుగోలు శక్తేనని అర్థమైంది. వ్యాపారులు దీనిని ఎవరికి ఏ సరుకు అమ్మవచ్చో తేల్చుకోవడానికే వాడుతారు కనుక ఇందులో మోసమేమీ లేదు. నా గురించి నాకు కొత్తగా తెలిసింది మాత్రం మా ఇద్దరి జవాబులు వేరుపడిన చోటనే. ఆ మాటకొస్తే మా వీధి కిరాణం సేటు ఉద్దెర పుస్తకం తిరగేసినా ఇంతకంటే నిజమైన బొమ్మే దొరికేది. పైగా ఆ పుస్తకంలో ఏం రాసి ఉన్నదో నేను అడిగి చూసుకోగలను.

దుకాణం సర్వేలో ఆ వీలు లేదు. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం, ఏ సమాచారాన్ని ఏ పని కోసం తీసుకుంటున్నారో చెప్పి సమ్మతి అడగాలనీ, ఆ విన్నపాన్ని ఇంగ్లిషులోనైనా, రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని ఏ భాషలోనైనా చదువుకునే అవకాశం ఇవ్వాలనీ చెబుతున్నది. తెలుగు ఆ షెడ్యూలులో ఉన్నది. ఇలాంటి సర్వేలు నడిపే దుకాణాలు ఫోన్ నంబరు గడికి పైన ఆ విన్నపాన్ని నాలుగు వాక్యాల్లో తెలుగులో రాయించేలా మన జిల్లా వర్తక సంఘాలు చొరవ తీసుకోవాలని కోరుతున్నాను.

– ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, నల్గొండ