దర్వాజ కింది సందు

హనుమకొండ

దోస్తూ,

ఎట్లున్నవు? ఇంట్ల అందరు మంచిగున్నరా? స్లాబ్ పడ్డదని, బిడ్డ తబలా రియాజ్‌కు, అంటే సాధనకు, మీద ఒక గది కట్టిస్తున్ననని మొన్న ఫోన్ల చెప్పినవు గదా. అప్పటి సంది నాకు ఒక్కటే రంది. ఇటుకలు దిగకముందే నీకు ఇది చేరాలె.

నా గది సుత మీదనే. కింద కిరాయికుండే అవ్వ ఓనాడు మెట్లెక్కి వచ్చి, "బిడ్డా, నీ వాయింపు మంచిగనే ఉంటది గని, నేను పండుకుంటే మంచమే అదురుతున్నది" అన్నది. మనసు కలుక్కుమన్నది. ఓ దుకాణంల అడిగితే నల్ల ఫోమ్ పలకలే మందు అన్నడు. నాలుగు గోడలకు అంటిచ్చిన. లోపల గుయ్యిమనుడు పోయింది, చాటీ మీద, అంటే తబలా అంచు మీద, దెబ్బ తేటగ వినవడ్డది. కింద అవ్వకు మాత్రం పాత మోతనే! ఫోమ్ గదిలోపలి ప్రతిధ్వనిని తాగుతది, గోడ దాటే సప్పుడును ఆపదు. కోడిగుడ్ల అట్టలు అంతకన్న దండుగ.

సప్పుడును ఆపేది బరువు. గోడ బరువు రెండింతలైతే దాదాపు 6 డెసిబెల్స్ తగ్గుతది. అందుకే నాలుగున్నర ఇంచుల గోడ వద్దు, తొమ్మిది ఇంచులది పెట్టియ్యి. రెండు దిక్కుల ప్లాస్టరింగ్ చేపియ్యి.

గోడ ఎంత మందమున్నా సందు ఉంటే అంతా పాయె. ఓ రాత్రి గదిల లైటు వేసి, బయట బంద్ చేసి చూసిన. దర్వాజ కింద వేలెడు వెలుగు! సప్పుడు సుత అండ్లకెల్లే పోతున్నది. ఇప్పటి ఇండ్లల్ల లోపలి గదులకు గడప పెడ్తలేరు, నువ్వు పెట్టియ్యి. బోలు తలుపు కాదు, గట్టి చెక్క తలుపు, చుట్టూ రబ్బరు పట్టీ. వెంటిలేటర్ నేనైతే ఇటుకతోని మూసేసిన. కని మన ఎండలు 40 దాటుతయి, గాలి లేకుంటే పిల్ల ఆగమైతది. అందుకని రెండు వంపులు తిరిగే చెక్క గొట్టం పెట్టి, దాని లోపల ఫోమ్ అంటిచ్చిన. గాలి తిరుగుతది, సప్పుడు వంపుల్లనే అరుగుతది. కొన్న ఫోమ్ అక్కడ అక్కెరకొచ్చింది.

ఇగ డగ్గా, అంటే జతల బొంగురుగ మోగే పెద్దది. దాని అదురు గాలిల కన్న గచ్చుల నుంచే ఎక్కువ దిగుతది. 18 మిల్లీమీటర్ల ప్లైవుడ్ పలకలు రెండు, నడుమ టెన్నిస్ బంతులు కదలకుంట గుంతలు చేసి పెట్టి, గోడకు తాకకుంట గద్దె చేసిన. దాని మీద కొత్తవాడ జంపఖానా పరిచిన. మన వరంగల్ జంపఖానాలకు 2018ల జీఐ, అంటే ఈ ఊరి సరుకే అనే గుర్తింపు వచ్చింది, యాదికుందా? దాని మీద కూసుంటే పానం కుదుటపడ్తది. అయితే జంపఖానా ఒక్కటే పరిస్తే అదురు ఆగదు, కింద గద్దె ఉండాలె.

రూల్ ప్రకారం ఇండ్ల నడుమ పగలు 55 డెసిబెల్స్, రాత్రి 10 నుంచి పొద్దుగాల 6 దాక 45. మన రియాజ్ సమయమేమో తెల్లారి ఐదు! మొన్న ఐదింటికే వాయించి కిందికి దిగి అవ్వను అడిగిన. "ఎక్కడనో ఊరవతల వాయించినట్టున్నది బిడ్డా" అన్నది. పూరాగ ఆగలేదు, కని మంచం అదురుతలేదు.

గడప వద్దని మేస్త్రి అంటే ఒప్పుకోకు. ఆదివారం కాజీపేటల రైలెక్కి పెద్దపల్లి వస్త. టేపు నేనే తెస్త, దర్వాజ కొలత ఇద్దరం కలిసి తీద్దాం.

నీ దోస్తు