అరిసెలు ఎందుకు దొరకలేదంటే

దీపావళి దాటినప్పటి నుంచి మా దిల్‌సుఖ్‌నగర్ దుకాణంలో అరిసెలు అడిగినవారందరికీ "ఈసారి బెల్లం బాగాలేదండీ" అని చెబుతూ వచ్చాను. బెల్లం బాగానే ఉంది. పాకం పట్టే మనిషే లేదు. ఆమె ఎందుకు వెళ్లిపోయిందో చెప్పకుండా మీ దగ్గర సంక్రాంతి ఆర్డర్లు తీసుకోవడానికి మనసొప్పలేదు.

దసరాకు సున్నుండలు ఎక్కువ చేయించాను. అంచనా తప్పి 30 ప్యాకెట్లు మిగిలాయి. వాటి మీద కొత్త తేదీ స్టిక్కర్లు అంటించమని ప్యాకింగ్ అమ్మాయికి చెప్పాను. ఒకసారి నా వైపు చూసి, మారు మాట్లాడకుండా అంటించింది. పాతది పీకలేదు, దాని మీదే అంటించింది. మరుసటి వారం మీలో ఒకరు గోటితో పై స్టిక్కరు లేపి కింది తేదీ చూపించారు. కౌంటర్ దగ్గర ఏడెనిమిది మంది ఉన్నారు. "ఈ పిల్లకు ఎన్నిసార్లు చెప్పినా బుద్ధి రాదండీ" అనేశాను.

అదే సమయంలో వెనక పొయ్యి మీద అరిసెల పాకం ఉడుకుతోంది. పదకొండేళ్లుగా పాకం చూస్తున్న అక్క పళ్లెంలో నీళ్లు పోసి, చుక్క వేసి, వేళ్లతో దగ్గరికి తీస్తోంది. మెత్తగా ఉండ కట్టే అదను దాటితే అరిసె రాయి అవుతుంది. నా మాట ఆమె చెవిన పడింది. పాకం దించి, పిండి కలిపి, ఆ వాయి పూర్తి చేసి, చేతులు కడుక్కుని వెళ్లిపోయింది. మర్నాడు ప్యాకింగ్ అమ్మాయి రాలేదు. సకినాలు చుట్టే ఇద్దరూ రాలేదు.

జీతం కోసమే అనుకున్నాను. నాలాంటి యజమానులకు ముందుగా తోచేది అదే. 2,000 పెంచుతానని కబురు పెడితే ఒక్కరూ పలకలేదు.

పోనీ, ఉన్నవాళ్లు నమ్మకస్తులని సర్దిచెప్పుకున్నాను. మూకుడు దగ్గరి మాస్టర్ నేనేమన్నా తల ఊపేవాడు. ఒకరోజు చెగోడీలు కమురు వాసన వస్తుంటే ఆరా తీశాను. నాలుగు రోజులుగా నూనె మార్చలేదట. "పారబోస్తే తిడతారని" అన్నాడు. నూనె మళ్లీ మళ్లీ కాగితే చెడి పుట్టే పోలార్ పదార్థాలు 25 శాతం దాటితే ఆ నూనె వాడకూడదని 2018 జూలై నుంచి ఆహార భద్రత సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ నిబంధన ఉంది. ఆ కాగితం నా కుర్చీ వెనక గోడకే ఉంది. నా నోటికి జడిసి అతను నిజం చెప్పడం మానేశాడు. అతన్ని నిలదీసే మొహం నాకు లేకపోయింది.

చివరికి సరూర్‌నగర్‌లో అక్క ఇంటికి వెళ్లాను. జీతం మాట ఎత్తబోతే చేయి అడ్డం పెట్టింది. "ముందు ఆ పిల్లతో మాట్లాడి రండి సార్. నలుగురిలో అన్న మాట నలుగురిలోనే వెనక్కి తీసుకోండి" అంది. ఆ అమ్మాయి ఒక బట్టల దుకాణంలో చేరింది. క్షమించమంటే సరేనంది, తిరిగి మాత్రం రానంది. కాబట్టి నలుగురికీ తెలిసేలా చెబుతున్నాను: ఆ స్టిక్కర్లు నేను అంటించమన్నవే, తప్పు ఆమెది కాదు. పాతది పీకకపోవడం మరచిపోయి జరగలేదేమోనని ఇప్పుడు అనుమానం. అడగలేదు.

అక్క వచ్చింది. సకినాల ఇద్దరిలో ఒకరే వచ్చారు. తేదీ ఇప్పుడు స్టిక్కరు కాదు, కవరు మీదే ముద్ర. రోజుకు 8 గంటలు దాటిన పనికి రెట్టింపు కూలి ఇవ్వాలని 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టం చెబుతుంది. నేనేమో పండగ రోజుల్లో టిఫిన్ పెట్టి సరిపెట్టేవాడిని. ఇకపై లెక్క కట్టి ఇస్తాను. అందుకే కిలోకు 40 రూపాయలు పెంచక తప్పలేదు. కొందరు పక్క వీధికి వెళ్తారని తెలుసు.

సకినాలు చుట్టే చేతులు తక్కువ. ఇంటికి రెండు కిలోలే, అదీ జనవరి 5 లోపు చెప్పినవారికే. దీపావళి ముందు మా సున్నుండలు కొన్నవారు ఖాళీ కవరు తెచ్చినా డబ్బు తిరిగి ఇస్తాం. కవరు పారేసి ఉంటే మాట చెప్పినా చాలు. ఉదయం తొమ్మిది నుంచి కౌంటర్‌లో నేనే ఉంటాను.